పోర్టికోలో పానాలు

అందరికీ నమస్కారమండీ. ఇట్లా స్టూడియోలో మైకు ముందర మాట్లాడే అలవాటు నాకు లేదు, బానెట్ కింద తల పెట్టి మాట్లాడే అలవాటే, అందుకని గొంతు కొంచెం పెద్దగా వస్తే ఏమీ అనుకోబాకండి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి మాట్లాడీ మాట్లాడీ మా మెకానిక్కులందరికీ అదే గొంతు. మాది నెల్లూరు జిల్లా, చెన్నైకొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఉండేది మడిపాక్కం. ఒక సర్వీస్ సెంటర్లో పదేళ్ళు చేసి, 2014లో మానేసి ఇంట్లోనే కార్ల రిపేర్లు మొదలుపెట్టా. ఇల్లు మా మావగారు కట్టించింది, పోర్టికోలో ఒక కారు పడతాది, గేటు బయట వేపచెట్టు కింద ఇంకోటి, అంతే నా వర్క్‌షాపు.

అప్పుడు నేనేసిన లెక్క ఏందంటే అద్దె లేదు, అడ్వాన్సు లేదు, వచ్చిందంతా మిగులే అని. ఆర్నెల్లలో తెలిసిపోయింది, ఆ అద్దె నా బదులు మా ఇంట్లోవాళ్ళు కడతా ఉన్నారని. షాపుకైతే షట్టర్ ఉంటాది, దించేస్తే అయిపోయె. ఇంటికి షట్టర్ యాడుంది? గేటు బయట బండి ఉంటే షాపు తెరిచినట్టే లెక్క, ఆదివారం పొద్దన్నే ఆరింటికి బెల్లు కొట్టి "అన్నా, ఫ్యామిలీతో మహాబలిపురం పోతున్నాం, ఒక్కసారి టైర్లలో గాలి చూడవా" అంటారు, గాలి కోసం వచ్చిన మనిషి కాఫీ తాగి పోయేసరికి ఏడున్నర. రసంలో డీజిల్ వాసన వస్తా ఉందని పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు, నా చొక్కాలతో కలిపి ఉతికితే స్కూలు యూనిఫారాలకి గ్రీజు. చివరికి మా ఆవిడే రూలు పెట్టింది: "ఇదిగో చూడయ్యా, ఆదివారం బండి ముట్టుకోబాక, రాత్రి ఏడు దాటాక సుత్తి శబ్దం వినపడగూడదు, పానా గనక వంటింటి గడప దాటిందంటే పాత సామానోడికే ఇచ్చేస్తా." మూడో రూలు నిజంగానే అమలు చేసింది, నా 14-15 రింగ్ స్పానర్ అట్లా పోయిందే.

ఆ రోజుల్లో నేను ఏ పనొచ్చినా సరే అనేవాణ్ణి. వద్దంటే మళ్ళీ రారేమో అని భయం. ఎవరో బంపర్ గీసుకుపోయిందని తెస్తే, కంప్రెసర్ ఉంది కదా, గన్ను ఉంది కదా అని పోర్టికోలోనే సిల్వర్ పెయింట్ కొట్టా. గాలి పక్కింటి వైపు ఉంది, నేను చూసుకోలేదు. పక్కింట్లో మన తెలుగు పెద్దావిడ, రిటైర్డ్ టీచరమ్మ, మిద్దె మీద గుమ్మడికాయ వడియాలు ఎండబెట్టుకోని ఉన్నారు. సాయంత్రం పళ్ళెం పట్టుకొచ్చి చూపించి "నాయనా, వడియాలకి కూడా మెటాలిక్ వేశావే, దీనికి బిల్లెంత" అన్నారు. తిట్టుంటే బాగుండేది. ఆ రోజు నుంచి పెయింటింగ్, టింకరింగ్ అంటే సొట్టలు తీసే పని, అన్నీ పెయింట్ బూత్ ఉన్నవాళ్ళకే పంపిస్తా ఉన్నా. ఆ తర్వాత ఒక్కొక్కటే తగ్గించుకుంటా వచ్చా, ఏసీ గ్యాస్ పని చెయ్యను, ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ ముట్టుకోను, ఎలక్ట్రిక్ కార్లలో ఆరెంజ్ రంగు కేబుల్ కనపడితే చెయ్యి ఎనక్కి తీసుకుంటా, అందులో పోయేది వందల వోల్టులు, మనకి తెలిసిన 12 వోల్టుల బ్యాటరీ సంగతి కాదది. మిగిలినవి బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, ఆయిల్, కూలెంట్, టైమింగ్ బెల్టు, బ్యాటరీ, ఇవే నా అన్నం, ఇవి చాలు.

అసలు ఇంటి దగ్గర మెకానిక్కు దగ్గరికి కొత్త బండి రాదండీ, వారంటీలో ఉన్నన్నాళ్ళూ షోరూమ్ వైపే పోతాది. మాకొచ్చేవి పదేళ్ళు దాటినవి, ఆ పాత సాంట్రోలు, వ్యాగన్ఆర్‌లు, ఫోర్డులు. ఫోర్డు అయితే మరీ, మా జీఎస్టీ రోడ్డులోనే మరైమలై నగర్ కాడ ఫ్యాక్టరీ, 2021 సెప్టెంబర్లో ఇక ఇండియాలో కార్లు తయారుచెయ్యం అన్నారు, అన్న వారంలో నాకు ఎన్ని ఫోన్లో, "అన్నా మా ఫిగో సంగతేంది, అమ్మేద్దామా" అని. స్పేర్లు, సర్వీసు ఉంటాయని కంపెనీ చెప్పింది, నేనూ అదే చెప్పా, అమ్మబాకండి, టైమింగ్ బెల్టు మాత్రం టైముకి మార్చండి అని. ఇంజిన్లో వాల్వులు సరైన టైముకి తెరుచుకునేట్టు చేసేది ఆ బెల్టే. ఆ డీజిల్ ఫిగోలో బెల్టు తెగిందంటే వాల్వులు పోయి పిస్టన్లకి కొట్టుకుంటాయి, బెల్టు ఖర్చుకీ హెడ్డు దించి చేసే పని ఖర్చుకీ పొంతనే ఉండదు. ఇంకో మాట, జీఎస్టీ అంటే మా ఊళ్ళో ముందు రోడ్డే, గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు, టాక్సు 2017లో వచ్చింది.

2015 డిసెంబరు గురించి చెప్పకపోతే చెన్నై మెకానిక్కు చెప్పినట్టే కాదు. మడిపాక్కం, వేళచ్చేరి అంతా పల్లం, పల్లికరణై చిత్తడి వైపు పోయే నీళ్ళన్నీ మా వీధుల మీదుగానే పోవాల. ఆ మొదటి వారం వానకి మా పోర్టికోలో మోకాలి లోతు నీళ్ళు, టూల్ బాక్స్ మంచం మీద, మేము మిద్దె మీద. నీళ్ళు తీశాక ఫోన్లు మొదలైనాయి. నేను చెప్పింది ఒకటే, దయచేసి తాళం తిప్పబాకండి. ఎందుకంటే సిలిండర్లో పెట్రోలు, గాలి కలిసి ఉంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు అది నలుగుతాది, నీళ్ళు నలగవు. అక్కడ నీళ్ళుంటే పిస్టన్ గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతాది, కింద పిస్టన్‌ని పట్టుకోనుండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతాది. ఆగి ఉన్న బండి నీళ్ళలో మునిగినా ఇంజిన్ని కాపాడుకోవచ్చు, తాళం తిప్పితేనే పోతాది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాల, ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, లాగి చూడాల, ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే, ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉంటే ఇంకా అనుమానం. ప్లగ్గులు విప్పి చేత్తో ఇంజిన్ తిప్పితే సిలిండర్లో నీళ్ళు పిచికారీ లాగా బయటికి వస్తాయి, ఆయిల్, ఫిల్టరు మార్చి, కొంచెం నడిపి మళ్ళీ మార్చాల. ఇదంతా ఫోన్లో అరిచి అరిచి చెప్పినా ఒకాయన "చూద్దాం, స్టార్ట్ అవుతాదేమో" అని తిప్పాడు. టక్ మని ఒక శబ్దం, అంతే. ఇన్సూరెన్సుకి పోతే ఇంజిన్ ప్రొటెక్ట్ అని పాలసీ మీద అదనంగా కొనుక్కునే యాడ్ ఆన్ లేదన్నారు, మామూలు పాలసీలో నీళ్ళలో స్టార్ట్ చేసి ఇంజిన్ పోతే ఇవ్వరు మామూలుగా. మీలో చెన్నైలో ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇవాళ ఇంటికి పోయి పాలసీ కాగితంలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

ఆ వారంలో నేను ఎన్ని బండ్లు ఒప్పుకున్నానంటే తొమ్మిది. పడేది రెండు. మిగతావి వీధి పొడుగునా నిలబెట్టా, ఎదురింటి తమిళాయన అంబులెన్స్ వస్తే ఎట్లా తంబీ అని అడిగాడు, ఆయన అడిగింది న్యాయమే, నా దగ్గర జవాబు లేదు. నెల దాటినా నాలుగే అయినాయి, మిగతా ఐదుగురిలో ముగ్గురు ఇప్పటికీ నా దగ్గరికి రారు. అప్పట్నుంచి రెండు దాటితే మూడో బండికి "ఫలానా రోజు తీసుకురండి" అని చెప్తా, తిట్టుకున్నా సరే. ఇప్పుడు జనాలకి కూడా తెలివొచ్చిందిలే, 2024 అక్టోబర్లో పెద్ద వాన వస్తాదని చెప్పగానే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా కార్లు నిలబెట్టేశారు చూశారా, ఊరంతా నవ్వింది, నాకు మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

నా దగ్గర ఒక కుర్రాడు పని నేర్చుకుంటా ఉన్నాడు, ఒంగోలు పిల్లోడు. వచ్చిన కొత్తల్లో ఒట్టి జాకీ మీద బండి లేపి కిందకి దూరిపోయాడు, నేను చూసి కాళ్ళు పట్టుకోని బయటికి లాగా. జాకీ అనేది లేపడానికే, మొయ్యడానికి స్టాండ్లు, రెండు స్టాండ్లు పడేదాకా ఎవరూ కింద దూరగూడదు, ఈ మాట ఇంట్లో స్టెప్నీ మార్చుకునేవాళ్ళకి కూడా. వానాకాలం తలుపులన్నీ మూసి ఇంజిన్ నడపడం కూడా అంతే ప్రమాదం, కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండదు, ఇంటికి ఆనుకున్న పోర్టికో అయితే అది నేరుగా ఇంట్లోకే.

ఆ కుర్రాడు ఫోనుకి కలిపే చిన్న స్కానర్ ఒకటి కొన్నాడు, స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చితే కోడ్ చూపిస్తాది. ఒక రోజు పీ0171 అని వచ్చింది, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని అర్థం. "అన్నా, ఆక్సిజన్ సెన్సర్ పోయింది, మార్చేద్దాం" అన్నాడు. ఆగరా అని బానెట్ ఎత్తి వింటే సన్నగా ఈల వేస్తా ఉంది, వ్యాక్యూమ్ హోస్ పగిలి అక్కడ గాలి పీలుస్తా ఉంది. జానెడు రబ్బరు గొట్టంతో పోయింది. నొప్పి ఏ వైపో స్కానర్ చెప్తాది అంతే, రోగం మనం వెతకాల. నేను పాత పార్టు తీసినప్పుడల్లా కస్టమర్ చేతిలో పెడతా, ఇంటి మెకానిక్కుకి బోర్డు లేదు, ఏసీ వెయిటింగ్ రూమ్ లేదు, ఆ పాత బ్రేక్ ప్యాడే బోర్డు. స్పేర్లు జనరల్ పాటర్స్ రోడ్డులో కొంటా. పుదుపేటలో పాత బండ్లు విప్పిన సామాన్లు దొరుకుతాయి, అద్దాలు, డోర్ హ్యాండిళ్ళు అయితే సరే, బ్రేకు సామాను మాత్రం అక్కడ ఎంత చవగ్గా దొరికినా తేను. 2025 సెప్టెంబరు 22 నుంచి స్పేర్ల మీద 28 శాతం ఉన్న టాక్సు కూడా 18కి వచ్చిందిలే.

ఎవరైనా ఇట్లా మొదలుపెట్టాలనుకుంటే కరెంటు మీటరు సంగతి ముందు చూసుకోండి. అప్పట్లో ఇంటి కనెక్షన్‌కి రెండు నెలలకి 100 యూనిట్లు ఫ్రీ అని కంప్రెసర్ కూడా దానికే తగిలించి హాయిగా ఉన్నా నేను, మా వీధిలో ఒక రిటైర్డ్ సారు పిలిచి చెప్పేదాకా. 2003 కరెంటు చట్టంలో 126వ సెక్షన్ ఉందంట, ఇంటికిచ్చిన కరెంటు వ్యాపారానికి వాడితే రెండింతలు లెక్కేసి కట్టించుకుంటారంట. ఆ వారమే వేరే మీటరుకి అప్లై చేశా. కాలిన ఆయిల్ కూడా కాలవలో పొయ్యగూడదు, మా కాలవ పోయేది పల్లికరణైకి, 2022లో రామ్‌సార్ గుర్తింపు, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేల అని గుర్తింపు, వచ్చిన చోటు, అక్కడికి ఫ్లెమింగోలు వస్తాయి, మా సూళ్ళూరుపేట వైపు పులికాట్‌కి వచ్చే పక్షులే. మూత ఉన్న క్యాన్లలో పట్టిపెట్టి లైసెన్సు ఉన్న రీసైక్లింగ్‌వాళ్ళకి ఇస్తా. పెట్టే జాగా లేక మెట్ల కింద పెడితే మా ఆవిడ నాలుగో రూలు తయారుచేస్తా ఉంది.

టైమైపోయిందని అద్దంలోంచి సైగ చేస్తా ఉన్నారు. నన్ను స్టూడియోకి తీసుకొచ్చిన కారులో ఎడమ వైపు ముందు చక్రం కాడ, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా టకటకమని వచ్చింది, సస్పెన్షన్లో లింక్ రాడ్ అయ్యుంటాది. డ్రైవర్ తమ్ముడికి చెప్పా, ఇంటికి తీసుకురా చూస్తా, ఆదివారం మాత్రం రాబాక అని.