మా పిల్లలకు బీరువా వద్దు, కాక్‌లు కావాలి

వేదిక మీదున్న పెద్దలకు, హెడ్‌మాస్టర్ గారికి, ముఖ్య అతిథి గారికి, తల్లిదండ్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది గానీ నాకిచ్చింది ఐదు నిమిషాలు. అందులో ఒక నిమిషం మైకు సరిచేయడానికే పోయింది.

బాలికల షటిల్ జట్టు ఈ ఏడాది ఎలా ఆడిందో చెప్పమన్నారు. ఏడు టైలు ఆడాం. మూడు గెలిచాం, నాలుగు ఓడాం. టై అంటే ఏమిటో తెలియని వాళ్లకి ఒక్క ముక్క: మూడు సింగిల్స్, రెండు డబుల్స్, ఐదింట్లో ఎవరు మూడు గెలిస్తే టై వాళ్లది. మహిళల జట్లు ఆడే ప్రపంచ పోటీ ఉబర్ కప్‌లోనూ ఇప్పుడు ఇదే లెక్క. రిపోర్టు అయిపోయింది. ఇక నా గోడు వినండి.

మొదటి టై 5–0తో ఓడాం. అవతలి జట్టు మాస్టారు నా దగ్గరికొచ్చి, "మీ పిల్లలకి టాస్ కొట్టడం రాదా మాస్టారూ?" అన్నారు. టాస్ అంటే కాక్‌ని ఎత్తుగా అవతలి వెనక గీత దాకా కొట్టడం. రాకేం! ఆ గీత దగ్గర చెప్పు పెడితే దాని మీద పడేలా కొడతారు. కాకపోతే నైలాన్ షటిల్ కాక్‌తో. ఏడాదంతా మా చేతికిచ్చింది అదే. పోటీల్లో ఆడించేదేమో ఈకల కాక్.

రెండూ కాక్‌లే కదా అంటారు మీరు. ఈకల కాక్‌కి పదహారు ఈకలు. బరువు ఐదున్నర గ్రాములు దాటకూడదు. బ్యాట్ మీంచి బాణంలా లేచి, గాలికి ఎదురెక్కలేక చప్పున వేగం తగ్గి, చివర్లో నిటారుగా కిందికి దిగుతుంది. నైలాన్ అలా దిగదు, సాగుతుంది. గట్టిగా స్మాష్ కొడితే గౌనులా విచ్చుకున్న దాని వెనక భాగం నొక్కుకుపోయి ఇంకా జోరుగా పోతుంది. దానికి అలవాటుపడిన మా పిల్లలు టాస్ కొడితే ఈకల కాక్ కోర్టు మధ్యలోనే పడింది. అవతలి వాళ్లకి అది పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే! ఇటు వచ్చిన కాక్‌కేమో, అది చేరకముందే బ్యాట్ ఊపేశారు. చూసేవాళ్లు నవ్వారు. నవ్విన వాళ్లలో మన వాళ్లూ ఉన్నారు, పేర్లు చెప్పను.

కాక్ వేగం సరిగా ఉందో లేదో చూడ్డానికి నియమాల్లోనే పరీక్ష ఉంది. వెనక గీత దగ్గర నిలబడి కింది నుంచి నిండుగా కొట్టాలి. అవతలి వెనక గీతకి 53 నుంచి 99 సెంటీమీటర్ల లోపల పడాలి. మన స్టోర్‌రూమ్‌లోని నైలాన్ కాక్‌తో నేనే కొట్టి చూశాను. గీత దాటి గోడకి తగిలింది. ఈ సంగతి రాసి రెండుసార్లు అర్జీ పెట్టాను. "ఈకలవి రెండు మ్యాచ్‌లకే విరిగిపోతాయటగా, దండగ" అన్నారు. విరుగుతాయండీ. విరగడానికే ఉన్నాయి. చాక్‌పీసు అరుగుతుందని పాఠం చెప్పడం మానేస్తున్నామా?

అన్నట్టు, రెండో టై కూడా ఓడాం. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ రోజు సాయంత్రం సంగతి. అందరం బయల్దేరుతుంటే మా రిజర్వ్ పిల్ల కనపడలేదు. ఎనిమిదో తరగతి. వెతికితే అంపైర్ కుర్చీ వెనక చెత్తబుట్ట దగ్గర కూర్చుని, పారేసిన కాక్‌లు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకుంటోంది. "పరువు తీస్తున్నావే!" అని అరిచాను. ఒప్పుకుంటున్నాను, అరిచాను. ఆ పిల్ల తలెత్తకుండా, "సార్, దీనికి ఒక్క ఈకే పోయింది" అంది.

తర్వాత ప్రాక్టీసంతా ఆ సంచితోనే. ఒక ఈక విరిగినవి టాస్‌లకి. రెండు విరిగినవి నెట్ దాటగానే పడేలా కొట్టే డ్రాప్‌లకి, సర్వీసుకి. ముందురోజు రాత్రి ఆ పిల్ల ఇంట్లో నీళ్లు మరగబెట్టి కాక్‌లకి ఆవిరి పట్టేది. బెండు వైపు కాదు, ఈకల వైపు. ఈకలు ఎండిపోతే పెళుసెక్కి తొందరగా విరుగుతాయి, కాస్త తేమ తగిలితే నిలుస్తాయి. నేను చెప్పలేదు. ఎక్కడ తెలుసుకుందో!

మేం గెలిచిన మూడు టైలూ ఆ సంచి వచ్చాకే. ఓడిన వాటిలో చివరిది, ఏడో టై, 2–2 దాకా వచ్చింది. ఆఖరి డబుల్స్, మూడో గేమ్, 29–29. ఇరవై ఒకటికి ఆట అయిపోతుంది గానీ, ఇరవై ఇరవై అయితే రెండు పాయింట్ల తేడా రావాలి. అలా అలా 29 దగ్గర కలిస్తే ఇంక తేడా లేదు, ఒక్క పాయింటే. ఆ పాయింటు మాకు రాలేదు. నెట్‌కి తగిలి మా వైపే పడింది. అంతే, దాని గురించి ఇంకేం లేదు.

ఆ రిజర్వ్ పిల్ల ఈ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అందుకని ఇవాళ సర్టిఫికెట్ల జాబితాలో పేరు లేదు. తల్లిదండ్రులారా, మీరే చెప్పండి, ఇదేం లెక్క?

అతిథి గారు ఇందాక కప్పులు పెట్టుకోవడానికి అద్దాల బీరువా ఇస్తామన్నారు. అయ్యా, మీ మాటకి దండం. కప్పులు మా దగ్గర లేవు. ఉన్నది ఒక డబ్బా. అమ్మా, ఆ డబ్బా ఇటు పట్రా. భయం లేదు, రా.

చూడండి, ఒక్కొక్క బెండు మీదా పెన్నుతో అంకె వేసింది, ఎన్ని ఈకలు విరిగాయో. అతిథి గారూ, మీరే ఒకటి తీసి కొట్టండి, జనం చూస్తారు. అది కాదండీ, దానికి మూడు పోయాయి, తిన్నగా ఎగరదు. ఒకటి వేసి ఉన్నది తీయండి.