ఒండ్రు లెక్క

శ్రోతలకు నమస్కారం.

చాలా ఏళ్ళ కిందట కాకినాడ దగ్గర ఉప్పాడ ఒడ్డున ఒక నుయ్యి చూశాను. నుయ్యి అంటే నేలలోకి ఉండాలి కదా, అది నేల మీద నిలబడి ఉంది. చుట్టూ ఉన్న ఇసుకని కెరటాలు కోసుకుపోతే, సిమెంటు వరలు మాత్రం ఒకదాని మీద ఒకటి పేర్చిన గొట్టంలా మిగిలాయి. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగాను. "మా పెరటి నుయ్యేనండి" అన్నారు. "మరి ఇల్లు?" అంటే, వల మీంచి చెయ్యి తియ్యకుండా గడ్డంతో సముద్రం వైపు చూపించారు.

సముద్రం ఊళ్ళని మింగేస్తోందని అందరం అంటాం. చూసే కంటికి అలాగే ఉంటుంది. కాలేజీలో జాగ్రఫీ చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు మాత్రం ఆ మాట సగమే నిజం అనిపిస్తుంది. మన తీరాన్ని సముద్రం తినడం కొత్తేమీ కాదు, ఎప్పుడూ తింటూనే ఉంది. ఇన్నాళ్ళూ అది తిన్నదానికంటే గోదావరి తెచ్చి పోసేది ఎక్కువ. ఇప్పుడు పొయ్యడం తగ్గింది.

కోనసీమ మొత్తం ఒండ్రే. త్ర్యంబకం దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి, దారిలో దక్కను నల్లరేగడిని కడిగి తెచ్చి, ధవళేశ్వరం దిగాక గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా విడిపోయి గోదావరి పరిచిన నేల అది. సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ వేల ఏళ్ళపాటు పరిచింది. అంటే ఈ తీరం ఒక లెక్క. జమ నది రాస్తుంది, ఖర్చు కెరటం రాస్తుంది. సముద్ర శాస్త్రం చేసే పనిలో సగం ఈ పద్దు చూడడమే.

ఆ పద్దు చూసినవాళ్ళు చెప్పిన అంకెలు వినండి. 1970ల్లో గోదావరి నీళ్ళలో తేలుతూ డెల్టాకి చేరిన మట్టి ఏడాదికి సగటున 15 కోట్ల టన్నులు. 1990ల్లో అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. 1976 నుంచి 2001 దాకా ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే, కొన్నిచోట్ల కొత్త నేల మేట వేసినా, పోయినదాంట్లోంచి వచ్చింది తీసేస్తే డెల్టా అంచున 1836 హెక్టార్లు తరిగిపోయింది. మన కొలతలో నాలుగున్నర వేల ఎకరాలు. మిగతా మట్టి ఎక్కడికి పోయింది? ఎక్కువ భాగం ఎగువన రిజర్వాయర్ల అడుగున కూర్చుంది. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల అది 90కి దిగిందని సర్వేల్లో తేలింది. ఆ పూడికలో మన తీరానికి రావలసిన మట్టి కూడా ఉంది.

ఆనకట్టలు వద్దంటున్నానని అనుకోకండి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తవకపోతే ఈ రోజు మన కంచంలో అన్నం సంగతేమిటో చెప్పలేం. కాకపోతే నీళ్ళ పంపకాల గురించి ఇన్ని దశాబ్దాలుగా ఇంత గట్టిగా మాట్లాడుకున్నాం గానీ, మట్టి వాటా గురించి ఎవరూ అడగలేదు. మట్టికి ట్రైబ్యునల్ లేదు.

ఉప్పాడకి ఇంకో చిక్కు కూడా ఉంది. నైరుతి గాలులకి కెరటాలు ఒడ్డుని ఏటవాలుగా కొడతాయి. దాంతో ఇసుక తీరం వెంబడే దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఆ నడిచే ఇసుకే గౌతమి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆగి ఆగి హోప్ ఐలాండ్ అయింది. రెండు వందల ఏళ్ళ కిందట అక్కడ దీవి లేదు. ఇప్పుడు పదిహేను కిలోమీటర్లు దాటిన ఇసుక తిన్నె, కాకినాడ రేవుకి గోడలా అడ్డం నిలబడి కెరటాలు ఆపుతోంది. రేవుకి ఎంత మేలో చెప్పక్కర్లేదు. కానీ అక్కడ ఆగిన ఇసుక ఉప్పాడకి చేరదు. దానికి తోడు రేవు కోసం తవ్విన కాలువలోనూ కొంత పడిపోతుంది. ఒకరికి కోట అయింది ఇంకొకరికి లోటు అయింది.

ఈ సంగతి తెలియకుండా ఒడ్డున రాళ్ళు పోస్తే ఏమవుతుంది? రాళ్ళున్నంత మేర నేల నిలుస్తుంది. రాళ్ళు అయిపోయిన చోట కెరటం ఇంకా ఆకలిగా పడుతుంది, కోత పక్క ఊరికి జరుగుతుంది. ఉప్పాడలో రాళ్ళు పోశారు, ఇసుక నింపిన జియో ట్యూబులు వేశారు, అవీ దెబ్బతిన్నాయి. ముందు ఇసుక ఏ నెలలో ఎటు, ఎంత నడుస్తోందో కొలిచి, తర్వాత ఏం కట్టాలో, అసలు కట్టాలో వద్దో తేల్చుకోవాలి. కొన్నిచోట్ల జవాబు గోడ కాదు, ఇళ్ళు వెనక్కి జరపడమే. చెప్పడానికి తేలికగా ఉంటుంది. ఇల్లు జరుపుకునేవాళ్ళకి అది చావుతో సమానం, రేవుకి దూరమైతే వేట ఎలా? అందుకే ఆ మాట ఎవరూ పైకి అనరు.

ఇక కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి వైపు వద్దాం. మడ అడవులు తుఫాను కెరటం జోరు తగ్గిస్తాయని, రొయ్య పిల్లకీ పీత పిల్లకీ పుట్టిల్లని స్కూలు పిల్లలకి కూడా తెలుసు. 1978లో కోరింగని అభయారణ్యంగా ప్రకటించారు. అయినా లోపల కొన్ని చోట్ల చెట్లు లేని బోడి నేలలు మిగిలాయి. మొక్కలు నాటితే చచ్చిపోయేవి. మళ్ళీ నాటితే మళ్ళీ చచ్చిపోయేవి. కారణం మొక్కలో లేదు. పూర్వం చెట్లు మొత్తంగా నరికిన చోట ఎండకి మట్టి ఎండి, కుంగి, పళ్ళెంలా పల్లమైంది. పెద్ద పోటుకి నీళ్ళు అందులోకి వచ్చేవి, ఆటుకి బయటికి పోలేక నిలిచిపోయేవి. ఎండకి ఆవిరై, ఉప్పు మిగిలి, చివరికి ఉప్పు మడి అయ్యేది. ఉప్పు నీళ్ళలో పెరిగే మడ చెట్టుకి కూడా ఓర్చుకోగలిగే హద్దు ఒకటి ఉంటుంది.

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు ఊరివాళ్ళతో, అటవీశాఖతో కలిసి ఇక్కడ చేసిన పని నాకు చాలా ఇష్టం. నేల ఎత్తుపల్లాలు, మట్టిలో ఉప్పు కొలిచి, చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. వెన్నెముకలా ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. రోజూ పోటుకి నీళ్ళు లోపలికి, ఆటుకి బయటికి. కొన్నాళ్ళకి మట్టిలో ఉప్పుని ఆ నీళ్ళే కడిగేశాయి. మొక్కలు కాలువ గట్టు మీద కాదు, అడుగున కాదు, ఏటవాలు మధ్యలో నాటారు. అక్కడైతే పోటుకి వేరు తడుస్తుంది, మొక్క మునగదు. ఎన్ని మొక్కలు నాటామన్నది ఫొటోకి బాగుంటుంది, కాలువ లోతు ఎంతన్నది ఫొటోలో పడదు. కానీ అడవి వచ్చింది ఆ కాలువ వల్లే.

ఇప్పుడు రొయ్యల చెరువుల రైతులు ఒక్క నిమిషం వినాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఫోను మోగితే మీకు గుండె ఎందుకు ఝల్లుమంటుందో నాకు తెలుసు. డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయింది, రొయ్య తేలుతోంది, నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు వెయ్యాలి, కరెంటు లేదు. టెన్షన్. ఆ ఆక్సిజన్ని రాత్రంతా పాచి, రొయ్య, అడుగున కుళ్ళే మేత కలిసి వాడేసుకుంటాయి కాబట్టి సూర్యుడు రాకముందు అది అట్టడుగుకి చేరుతుంది. ఇది ఏ పుస్తకమూ చదవకుండా మీకు తెలిసిన సముద్ర శాస్త్రం. అదే చెరువు నీళ్ళు డ్రెయిన్‌లోకి వదిలాక ఏమవుతుంది? మిగిలిన మేత, రొయ్యల మలం, అమ్మోనియా ఏటిలోకి పోతాయి. పొలాల నుంచి వచ్చే యూరియా తోడవుతుంది. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కిందికి నీళ్ళు రానప్పుడు ఆ ఏరు చెరువులాగే నిలబడుతుంది, పాచి పెరుగుతుంది, తెల్లవారుజామున దానికీ డీవో పడిపోతుంది. దానికి ఏరియేటర్ వేసేవాళ్ళు లేరు. మళ్ళీ మీరు చెరువుకి నీళ్ళు తోడుకునేది ఆ ఏటిలోంచే. ఏ డ్రెయిన్‌లో ఏ నెలలో ఎంత తట్టుకునే శక్తి ఉందో కొలిచి, దాన్ని బట్టి ఎన్ని చెరువులకి అనుమతివ్వాలో చెప్పడం కుదిరే పనే. కానీ మన దగ్గర ముందు చెరువు తవ్వుతాం, తర్వాత అనుమతికి వెళ్తాం.

వేటకి వెళ్ళేవాళ్ళకి మాత్రం ఈ శాస్త్రం నేరుగా చేతికి అందింది. హైదరాబాద్‌లో 1999లో సముద్రం సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ అనే సంస్థ పెట్టారు. సముద్రం లేని ఊళ్ళో సముద్రం ఆఫీసేమిటని మా ఫ్రెండ్ ఒకాయన ఇప్పటికీ నవ్వుతాడు. ఉపగ్రహానికి ఒడ్డుతో పనేముంది? అది పైనుంచి నీళ్ళ వేడినీ రంగునీ చూస్తుంది. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచున నాచు పెరుగుతుంది, నాచు దగ్గరికి చిన్న చేప, దాని వెనక పెద్ద చేప. ఏ రేవు నుంచి ఏ దిక్కుకి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అని తెలుగులోనే సమాచారం వస్తుంది. డీజిలు ఖర్చు తగ్గుతుంది. అయితే దీనికి రెండు బలహీనతలు. మబ్బు పడితే కిందిది కనపడదు. వరద రోజుల్లో గౌతమి మొగ దగ్గర ఎర్రనీళ్ళు ఉపగ్రహాన్ని బోల్తా కొట్టిస్తాయి, మట్టి రంగుకీ నాచు రంగుకీ తేడా తెలియదు. అనుభవం ఉన్న సరంగు, అంటే బోటు నడిపేవాడు, ఆ రోజుల్లో ఈ సమాచారం పక్కన పెట్టేస్తాడు. తప్పు లేదు.

చేప ఎక్కడుందో చెప్పే శాస్త్రమే ఎప్పుడు పట్టకూడదో కూడా చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం అందుకే, చాలా రకాల చేపలకి అది గుడ్లు పెట్టే కాలం. పులస సంగతీ అంతే. పుస్తెలమ్మి అయినా తినాలంటాం గానీ, అది సముద్రంలోంచి గోదావరికి ఎదురెక్కేది గుడ్లు పెట్టడానికని కూర వడ్డించేటప్పుడు ఎవరూ అనరు. వరద నీళ్ళు మొగలో ఉప్పుని నెట్టేసినప్పుడే దానికి దారి తెలుస్తుంది. వరద ఆలస్యమైతే పులస ఆలస్యం. సన్నకన్ను వలలు మొగకి అడ్డం కడితే పైకి వెళ్ళేదెంత, దిగి వచ్చే పిల్ల ఎంత?

తుఫాను గురించి ఒక్క విషయమే చెబుతాను. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతం మీద నదుల మంచినీరు పలచని పొరలా పరుచుకుని ఉంటుంది. తేలిక నీరు కాబట్టి కిందికి కలవదు. ఎండ వేడి ఆ పొరలోనే ఉండిపోతుంది. మామూలుగా తుఫాను సముద్రాన్ని చిలికితే అడుగునుంచి చల్లనీళ్ళు పైకి వచ్చి దాని బలం తగ్గాలి. ఇక్కడ ఆ మూత అంత తేలిగ్గా చిలకనివ్వదు. అందుకే సముద్రం మీద తేలుతూ కొలతలు తీసే బోయలనే పరికరాలు, నీళ్ళలో మునిగి తేలే యంత్రాలు పై వేడి ఒక్కటే కాదు, లోపలి వేడి, ఉప్పు కూడా కొలిచి పంపుతుంటాయి. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది వేటలో ఉన్నవాళ్ళు. ఒడ్డు దాటాక కబురు అందే దారి ఆనాడు లేదు. ఇప్పుడు ఫోను సిగ్నల్ అందని చోటికి కూడా ఉపగ్రహం ద్వారా హెచ్చరిక అందించే చిన్న పరికరం ఉంది. ప్రతి బోటులోనూ ఉందా అంటే, మీరే చూసుకోండి.

రిటైరయ్యాక నేను, కొంతమంది డిగ్రీ పిల్లలు అంతర్వేది పల్లిపాలెం ఒడ్డున ఒక పని పెట్టుకున్నాం. రెండు కర్రలు, సెంటీమీటర్ల గీతలు గీసినవి. మధ్య రెండు మీటర్ల తాడు. ఒడ్డువైపు కర్ర పట్టుకున్న పిల్లాడు, నీళ్ళవైపు కర్ర తలనీ, దూరాన సముద్రం అంచుగీతనీ ఒక వరసలోకి తెచ్చుకుని, ఆ చూపు తన కర్రని ఎన్నో గీత దగ్గర తాకిందో అరిచి చెబుతాడు. పక్కవాళ్ళు రాస్తారు. అలా తాడు తాడుకీ ముందుకి జరుగుతూ నీళ్ళదాకా వెళ్తే ఒడ్డు వాలు మొత్తం కాగితం మీదికి వస్తుంది. ప్రతి నెలా అమావాస్య ఆటుకి కొలుస్తాం. ఖర్చు టిఫినుకే.

మొదలుపెట్టినప్పుడు గుర్తుకి ఒక సిమెంటు దిమ్మ పాతాం. పోయిన వర్షాకాలం దాటాక వెళ్తే దిమ్మ కనపడలేదు. ఒక పిల్ల నీళ్ళలోకి దిగి కాలితో వెతికి, "ఇక్కడే ఉందండి మాస్టారూ" అంది, మోకాటి లోతులో నిలబడి. ఇప్పుడు లోపలికి జరిగి ఒక కొబ్బరిచెట్టు మొదలు గుర్తు పెట్టుకున్నాం. ఆ చెట్టు అప్పుడే కాస్త సముద్రం వైపు ఒరిగి ఉంది.