ఆ గీత ఎవరు గీశారు?

అందరికీ నమస్కారం.

ఐరోపా పటాన్ని ఒకసారి ఊహించుకోండి. పడమటి వైపు కాకులు పూర్తిగా నలుపు. తూర్పు వైపు వాటికి తల, రెక్కలు, తోక నలుపు, మిగతా ఒళ్లంతా బూడిద రంగు. డెన్మార్క్ నుంచి జర్మనీ మీదుగా ఆల్ప్స్ దాకా ఈ రెంటి మధ్య ఓ సన్నటి పట్టీ ఉంది. అక్కడ రెండు రకాలూ జతకడతాయి, పిల్లలు ఎటూ కాని రంగులో పుడతాయి. ఇలాంటి చోటునే హైబ్రిడ్ జోన్ అంటారు. కాకికి రెక్కలున్నాయి కదా, మరి ఆ గీత అక్కడే ఎందుకుంది?

ఠక్కున తోచే జవాబు ప్రకృతి వరణం, అంటే నప్పినవి ఎక్కువ సంతానంతో నిలవడం, నప్పనివి తగ్గిపోవడం. అటు వాతావరణం వాటికి నప్పింది, ఇటుది వీటికి నప్పింది అంటాం. నాకు ఈ జవాబు మీద అనుమానం ఎక్కువ.

సుమారు 20,000 ఏళ్ల కిందట ఉత్తర ఐరోపా మంచు కింద ఉంది. చాలా జీవులు స్పెయిన్, ఇటలీ, బాల్కన్ వైపు చెదిరిపోయి, వేల ఏళ్లు విడివిడిగా బతికాయి. మంచు కరిగాక మళ్లీ ఉత్తరానికి బయల్దేరాయి. ఏది ముందు కదిలింది, దేనికి దారి దొరికింది అన్నదాన్ని బట్టి ఎక్కడో ఒకచోట ఎదురుపడ్డాయి. ఆ చోటు చాలావరకు కాకతాళీయమే.

ఎదురుపడ్డాక మాత్రం వరణం రంగంలోకి దిగుతుంది. ఇళ్లలో తిరిగే చిట్టెలుకనే తీసుకోండి. దాని రెండు ఉపజాతుల మధ్య గీత డెన్మార్క్ నుంచి బల్గేరియా దాకా 2,000 కిలోమీటర్లకు పైగా సాగుతుంది, వెడల్పు మాత్రం చాలాచోట్ల కొన్ని పదుల కిలోమీటర్లే. సంకర మగ ఎలుకల్లో చాలావాటికి సంతాన శక్తి తక్కువ. రెండు వైపుల నుంచీ ఎలుకలు వస్తూనే ఉంటాయి, వాటికి పుట్టినవాటి వంశం సన్నగిల్లుతూనే ఉంటుంది. ఈ రాకకూ ఆ నష్టానికీ కుదిరిన తూకమే పట్టీ వెడల్పు. దీన్ని టెన్షన్ జోన్ అంటారు. మనం పడే టెన్షన్ కాదు లెండి, లాగి కట్టిన తాడులోని బిగువు.

ఇలాంటి గీతకు నేలతో ముడి లేదు, కాబట్టి అది జరగగలదు. ఎటు జనాభా ఎక్కువైతే అటు నుంచి తోపు ఎక్కువ. జరిగి జరిగి, జీవులు పలచగా ఉన్న ఏ నది దగ్గరో కొండ దగ్గరో చిక్కుకుంటుంది. తర్వాత వచ్చి చూసినవాడు నది వల్లే ఇవి వేరయ్యాయని రాసేసుకుంటాడు!

స్వీడన్ చిట్టెలుకల సంగతి ఇంకా తమాషా. వాటి ఒళ్లు తూర్పు ఉపజాతిది, తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏ పడమటి ఉపజాతిది. ఆ డీఎన్‌ఏలో ఏదో గొప్ప ఉండబట్టే నెగ్గిందని కథ అల్లొచ్చు. కానీ మొదట్లో అక్కడికి చేరిన కొద్దిపాటి ఆడ ఎలుకలు దాన్ని మోసుకొచ్చి ఉంటే చాలు, వేరే కారణం అక్కర్లేదు.

మరి ఏది కాకతాళీయం, ఏది వరణం అని విడదీసేదెలా? ఒక్కచోట చూస్తే తేలదు. గీతకు అడ్డంగా దూరదూరంగా పలుచోట్ల నమూనాలు తీయాలి. ప్రతిచోటా అదే జన్యువు దాటలేకపోతుంటే అది వరణం పనే అనుకోవచ్చు. ఒక్కచోటే అలా ఉంటే నేను తొందరపడను.

నా వాదనకు ఎదురుతిరిగే గీత కూడా ఒకటుంది, దాచను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో రెండు చికడీ పిట్టల మధ్య పట్టీ పదేళ్లలో సుమారు 11 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగింది. చలికాలపు ఉష్ణోగ్రత పెరుగుతున్న కొద్దీ దాని వెంటే నడుస్తోంది.