లోపల జంప్ దగ్గర మొరాయించే గుర్రం: ముందు మూల సంగతి చూద్దాం

(రేకుల కప్పు కింద ఇసుక అరీనా. వాన చప్పుడు.)

నమస్తే అండి. ఆ చప్పుడు వినిపిస్తోందా? రేకుల మీద వాన. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబర్ దాకా సాయంత్రం క్లాసంటే చాలా రోజులు ఇదే పరిస్థితి. బయట ఇసుకలో నీళ్ళు నిలిస్తే గుర్రాల్ని ఈ కప్పు కిందికి తెస్తాం. ఇక అప్పటి నుంచి నాకు ఫోన్లు. "బయట మీటరు ఎత్తు అవలీలగా దూకే గుర్రమండీ, లోపల అరవై సెంటీమీటర్లకే ఆగిపోతోంది. దీనికి పొగరెక్కింది, ఏం చేయమంటారు?"

పొగరనే మాట ముందు పక్కన పెట్టండి. ఆ మాట అనుకున్నాక చేతిలోకి కొరడా వస్తుంది, కొరడా వచ్చాక గుర్రం చెప్పేది మనకి వినపడదు.

ఇది చుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది కదా, అందుకే ఆ పేరు. రేసుల నుంచి వచ్చిన ఆడగుర్రం. రెండేళ్ళ క్రితం ఇలాంటి వానలోనే, అదిగో, ఆ నీలం పోల్స్, అంటే జంప్‌కి అడ్డంగా పెట్టే కర్రల ముందు ముంగాళ్ళు నాటేసింది. నేను దాని మెడ మీదుగా వెళ్ళి అవతల పడ్డాను. భుజానికి కట్టు కట్టుకుని కూర్చున్న రోజుల్లో, ఎవరో ఫోన్‌లో తీసిన ఆ వీడియోని మళ్ళీ మళ్ళీ చూశాను. జంప్ దగ్గర జరిగింది ఏమీ లేదు. అంతా మూల దగ్గరే అయిపోయింది. మూల తిరుగుతుండగా అది తల పైకెత్తింది, నేను పగ్గాలు బిగించాను, అది భుజం లోపలికి వాల్చి అడ్డంగా కోసుకుంటూ వచ్చింది. జంప్‌కి ఎదురుగా తిన్నగా నిలిచేసరికి రెండే స్ట్రైడ్లు, అంటే రెండే అంగలు మిగిలాయి. ఆ రెండు స్ట్రైడ్లలో ఏ గుర్రమైనా ఏం చేస్తుంది చెప్పండి?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఈ అరీనా 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. పొడుగు గోడ మధ్యలో జంప్ పెట్టామనుకోండి. మూల మలుపుకి ఓ ఐదు మీటర్లు పోతే మిగిలేది పదిహేను. క్యాంటర్‌లో, అంటే నెమ్మది దౌడులో, గుర్రం ఒక్కో స్ట్రైడ్ సుమారు మూడున్నర మీటర్లు. అంటే మీకున్నవి నాలుగు స్ట్రైడ్లు. బయట మైదానంలో పది, పన్నెండు దొరుకుతాయి. గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా చూస్తుంది, కానీ నుదుటికి సరిగ్గా ఎదురుగా, ముక్కు కింద దానికి కనపడదు. జంప్ మరీ దగ్గరికి వచ్చాక అది దూకేది అంతకు ముందు చూసిన గుర్తు మీదే. దూరం నుంచి తీరిగ్గా చూసుకునే అవకాశం మనం ఇవ్వకపోతే ఇక గుర్తు ఎక్కడిది?

(కెమెరా ఇసుక మీదికి.)

ఇక్కడ చూడండి. స్తంభాల మధ్య నుంచి వెలుతురు పట్టీలుగా పడుతోంది. ఒక అడుగు తెల్లగా, ఒక అడుగు నల్లగా. వెలుగులోంచి నీడలోకి వస్తే గుర్రం కన్ను సర్దుకోవడానికి మన కన్ను కంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. చుక్క ఆ రోజు ఆగింది సరిగ్గా ఇలాంటి నల్ల పట్టీ అంచునే. మనకది నీడ. దానికి గొయ్యి కూడా కావచ్చు. ఇంకో సంగతి, గుర్రాలకి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా తెలియవు. మసక వెలుతురులో గోధుమరంగు ఇసుక మీద ఎర్ర పోల్ పెట్టి, చూసి దూకమంటే పాపం కదా. జంప్ కింద నేల మీద ఒక తెల్లని పోల్ వేయండి. ఖర్చు లేని పని.

ఇవి మన గుర్రాల బలహీనతలని అనుకోకండి. 2021లో టోక్యో ఒలింపిక్స్ జంపింగ్ క్వాలిఫైయర్‌లో పదో జంప్ పక్కన నిలువెత్తు సుమో యోధుడి బొమ్మ పెట్టారు. మలుపు తిరగ్గానే వంగి నిలబడ్డ మనిషి వీపు ఎదురొస్తుంది. అక్కడ గుర్రాలు బెదిరాయని కొందరు రైడర్లు చెప్పారు. అంతకు ముందు రోజే అదే వేదికలో మన బెంగళూరు ఫవాద్ మీర్జా ఈవెంటింగ్‌లో (డ్రెసాజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ కలిసిన పోటీ) ఫైనల్ జంపింగ్ పూర్తి చేసి 23వ స్థానంలో నిలిచారు, మనందరం అర్ధరాత్రి కాకపోయినా పని మానుకుని చూశాం. అంతటి గుర్రాలకే మూల తిరగ్గానే కనపడ్డ వస్తువు గుండె ఝల్లుమనిపించింది.

ఒక జాగ్రత్త. జీను పెట్టేటప్పుడు చెవులు వెనక్కి వాల్చినా, దిగాక వీపు నొక్కితే కుంగినా, బయట కూడా ఈమధ్య ఆగుతున్నా ముందు వెటర్నరీ డాక్టర్ని పిలవండి. నొప్పికి ట్రైనింగ్ మందు కాదు. ముంగాళ్ళు గాల్లోకి లేపి నిలబడే గుర్రమైతే ఈ వీడియో చూసి ప్రయత్నించకండి, అనుభవం ఉన్న కోచ్ పక్కనే ఉండాలి.

సరే, పనిలోకి దిగుదాం. మొదటి రోజు జంప్ లేదు. పావుగంట నడిపించండి, రెండు వైపులా. చప్పుడుకి అలవాటు పడేలా ఫ్యాన్ వేయండి, ఆపండి. వాన పడుతుంటే తోడుగా నెమ్మదైన గుర్రం ఒకదాన్ని తెచ్చి ముందు నడిపించండి, గుంపులో బతికే జంతువు కాబట్టి తోడు ధైర్యంగా ఉంటే దీనికీ ధైర్యం వస్తుంది. ఎప్పుడు చాలంటే, చూడండి...

(దగ్గరగా: చుక్క తల.)

ఇందాక రెండు చెవులూ కత్తెరలా నిక్కి గేటు వైపే ఉన్నాయి. ఇప్పుడు ఒక చెవి నా వైపు తిరిగింది. మెడ దిగింది. ఇదిగో, ముక్కు బుర్రుమనిపించింది, నోరు చప్పరిస్తోంది. ఇంత కనపడేదాకా ట్రాట్, అంటే దుడుకు నడక కూడా వద్దు.

రెండో రోజు నుంచి పనంతా మూలలోనే. మూలలో నేల మీద రెండు పోల్స్, మధ్యలో గుర్రం హాయిగా పట్టేంత సందు. ఆ సందులోంచి ట్రాట్‌లో, తర్వాత క్యాంటర్‌లో వెళ్ళాలి. మలుపుకి లోపలి వైపున్న మీ కాలు గుర్రం పొట్టకి ఆనించి ఉంచండి, చూపు జంప్ ఉండాల్సిన చోటికి పంపండి. మూల దాటగానే ట్రాట్‌కి దింపండి. మళ్ళీ. మళ్ళీ. విసుగనిపిస్తుంది, తెలుసు. నా దగ్గర పిల్లలైతే "ఎప్పుడు దూకుతాం అక్కా" అని ప్రాణం తీస్తారు. ఈ ఒక్క పనికే నేను వారం ఇస్తాను.

అది కుదిరాక జంప్ చోట ఒక పోల్ నేల మీద. తర్వాత నలభై సెంటీమీటర్ల క్రాస్ (రెండు పోల్స్ అడ్డదిడ్డంగా X లా పెట్టిన జంప్), దానికి సుమారు రెండు మీటర్ల నలభై ముందు నేల మీద ఇంకో పోల్, ట్రాట్‌లో రండి. ఆ పోలే గుర్రానికి ఎక్కడ లేవాలో చెబుతుంది, మీరు చెప్పనక్కర్లేదు. ఆగిపోయే గుర్రానికి జంప్‌ని గేటు వైపు దూకేలా పెట్టండి, ఇంటి దారి కాబట్టి ఉత్సాహంగా వస్తుంది. దూసుకుపోయే గుర్రానికి గేటుకి వీపు చేసి పెట్టండి.

చేతుల సంగతి. చుక్క మెడకి ఈ పట్టా చూశారా? కాలు పెట్టుకునే రికాబుకి ఉండే పాత పట్టా. జంప్ ముందు నా వేళ్ళు దీని కిందికి వెళ్ళిపోతాయి. రేసు గుర్రాలు చాలావరకు పగ్గం బిగిస్తే ఇంకా ముందుకు లాగడమే నేర్చుకుని వస్తాయి. మనం భయంతో బిగిస్తాం, అది లాగుతుంది, మనం ఇంకా బిగిస్తాం. పట్టా పట్టుకుంటే భయం మన చేతుల్లోనే ఉండిపోతుంది, దాని నోటిదాకా వెళ్ళదు.

అయినా ఆగిందా? తిప్పేయకండి, పక్కకి తప్పించుకోవడం నేర్చుకుంటుంది. ఎదురుగానే నిలబెట్టి, మీరు ఊపిరి వదిలి, పోల్‌ని కిందికి దించమని చెప్పండి. నడుచుకుంటూ దాటించండి. మెడ నిమరండి. ట్రాట్‌లో మళ్ళీ రండి. వరుసగా మూడుసార్లు ఆగితే నేల మీది పోల్ దాటించి ఆ రోజుకి చాలించండి.

(వాన ఇంకా గట్టిగా. జీను మీద నుంచి.)

ఇప్పుడు చేసి చూపిస్తాను. ట్రాట్... మూల... కాలు ఆనించాను, చూపు జంప్ మీద, వేళ్ళు పట్టా కింద. చెవులు చూడండి, ముందుకే ఉన్నాయి. ఒకటి, రెండు... దూకింది! మంచిదానివి చుక్కా, మంచిదానివి.

(గుర్రాల్ని చూసుకునే సైస్‌తో) సైస్ అన్నా, పోల్ స్టాండులో ఒక్క రంధ్రం పైకి పెడతారా? ఒక్కటే చాలు.