రేపు ఓరుగల్లులో ఒక పగలు
(గ్రంథాలయ యాత్రకు ముందురోజు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, రేపటి బస్సులో సీటు ఖాయం చేసుకున్నవారికి, ఇంకా ఖాయం చేసుకోవాలా వద్దా అని ఆలోచిస్తూ చివరి వరుసలో కూర్చున్నవారికి నమస్కారం.

చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు రేపటి యాత్రలో గైడు బాధ్యత అప్పగించారు. సాధారణంగా గైడు బస్సెక్కాక మైకు పట్టుకుంటాడు. నేను ముందురోజే పట్టుకోవడానికి కారణం ఉంది. హైదరాబాదు నుంచి వరంగల్లుకు సుమారు 145 కిలోమీటర్లు. పొద్దున్నే ఆరు గంటలకు బయలుదేరినా, మధ్యలో టిఫిను కోసం ఆగితే హనుమకొండలో దిగేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. రాత్రి తొమ్మిదిలోపు ఇల్లు చేరాలన్నది మన కమిటీ నియమం. అంటే ఒక మహానగరాన్ని చూడటానికి మన చేతిలో ఉన్నది ఎనిమిది గంటలు మాత్రమే. అక్కడికి వెళ్లాక కాకతీయ వంశవృక్షం చెబుతూ కూర్చుంటే ఆ ఎనిమిదీ ఆరవుతాయి.

ముందుగా ఒక ఫిర్యాదుకు సమాధానం చెప్పాలి. రేపటి కార్యక్రమంలో రామప్ప గుడి ఎందుకు లేదని నన్ను కనీసం పదిమంది అడిగారు. కావాలనే తీసేశాను. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన ఆ ఆలయానికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది, అది అన్నివిధాలా తగిన గౌరవమే. అయితే అది వరంగల్లు నుంచి ఇంకా అరవై కిలోమీటర్లకు పైగా లోపలికి ఉంది. కొన్నేళ్ల క్రితం నేను డబ్బు కట్టి ఒక యాత్రా బస్సులో వెళ్లాను. యాదగిరిగుట్ట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి ఆలయం, రామప్ప, కోట అన్నీ ఒకే రోజులో చూపిస్తామన్నారు. చూపించారు కూడా. కోట దగ్గర దిగేసరికి పొద్దు వాలిపోయింది. "ఇరవై నిమిషాలు టైము, ఫొటోలు దిగి వచ్చెయ్యండి" అన్నాడు గైడు. రెండు వందల ఏళ్లకు పైగా ఒక రాజ్యాన్ని నడిపిన వంశపు రాజధానికి ఇరవై నిమిషాలు! రామప్పకు మనం ఇంకొక రోజు, ఆ ఒక్కదాని కోసమే వెళదాం.

అసలు విషయానికి వస్తాను. మన యాత్రలలో సాధారణంగా జరిగేది గుళ్లు చూడటమే గాని, ఊరు చూడటం కాదు. బస్సు ఒక గుడి ముందు ఆగుతుంది, మనం దిగుతాం, ఎక్కుతాం, ఇంకొక గుడి ముందు దిగుతాం, మధ్యలో ఉన్నదంతా కిటికీలోంచి వెనక్కి పోతుంది. కాని నగరం ఉండేది ఆ మధ్యలోనే. ఈ మాట నా సొంత సిద్ధాంతం కాదు, తెలుగులో దీనికి చాలా పాత సాక్ష్యం ఉంది. వినుకొండ వల్లభరాయడి పేరుతో మనకు దక్కిన క్రీడాభిరామం అనే కావ్యం అక్షరాలా ఓరుగల్లులో ఒక రోజు యాత్ర. (కర్త శ్రీనాథుడే అన్న వాదం ఉందని నాకు తెలుసు, ఆ తగవు రేపు తిరుగు ప్రయాణంలో పెట్టుకుందాం.) గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఆ నగరపు వీధుల్లో తిరుగుతారు. వాళ్లు చూసినవి ఏమిటి? కోడిపందెం, పొట్టేళ్ల పోరు, పాములాడించేవాళ్లు, పలనాటి వీరుల కథ పాడుతున్న స్త్రీ, అంగళ్లు, వేశ్యవాటిక, పూటకూళ్ల ఇల్లు. ఆ పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు వడ్డించేవారట. మన టికెట్టు ధరలో కలిపిన రేపటి భోజనం ఈ జాబితాతో పోటీపడదని ముందే మనవి చేస్తున్నాను. నేను చెప్పదలచినది ఏమిటంటే, ఆ ఇద్దరూ నగరాన్ని కాళ్లతో, కళ్లతో, కడుపుతో చూశారు. దేవతలకు మొక్కారు, కాని గుళ్ల లెక్క రాసుకోలేదు.

అందుకని రేపటి క్రమాన్ని నేను బయటి నుంచి లోపలికి, పాత ఊరి నుంచి కొత్త ఊరికి అమర్చాను. కాకతీయుల మొదటి రాజధాని అనుమకొండ, అంటే నేటి హనుమకొండ. కోట ఉన్న ఓరుగల్లు తర్వాతిది. రెంటికీ మధ్య ఏడెనిమిది కిలోమీటర్లు. ఒక వంశం తన ఇంటిని ఒక ఊరి నుంచి పక్క ఊరికి మార్చుకుంటే రెండు ఊళ్లూ కలిసి ఒక పెద్ద నగరం కావడానికి ఎనిమిది వందల ఏళ్లు పట్టింది. రేపు ట్రాఫిక్కులో చిక్కుకున్నప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకుంటే కొంత ఓపిక వస్తుంది.

వేయిస్తంభాల గుడిలో మన మొదటి మజిలీ. అక్కడ అందరూ ముందు స్తంభాలు లెక్కపెట్టడానికి దిగుతారు, పిల్లలు మరీను. నా మనవి ఏమిటంటే ముందుగా శాసనస్తంభం దగ్గరికి రండి. 1163 నాటి ఆ సంస్కృత శాసనంలో, ఈ గుడి కట్టించిన కాకతీయ రాజు రుద్రదేవుడు తన తండ్రినీ తాతనూ తలుచుకుంటూ, తాను ఓడించినవారి పేర్లు వరుసగా చెప్పించాడు. అంతవరకు పశ్చిమ చాళుక్యులకు సామంతులుగా ఉన్న కుటుంబం ఇక తలవంచేది లేదని రాతి మీద చెప్పుకున్న సందర్భం అది. రాసినవాడు అచింతేంద్రుడనే పండితుడు. ఆ శాసనం అర్థమైతే గుడి తానే అర్థమవుతుంది. రుద్రేశ్వరుడికి, వాసుదేవుడికి, సూర్యుడికి మూడు గర్భగుళ్లు, వాటిని కలిపే ఒకే రంగమండపం, ఎదురుగా నల్లరాతి నంది. స్వతంత్రుడైన రాజు చేసిన మొదటి బహిరంగ ప్రకటన ఇదన్నమాట.

ఆ నంది పక్కన ఒక నిమిషం ఆగి, దాని మెడలోని గంటల పట్టెడను దగ్గరగా చూడండి. గంటకూ గంటకూ మధ్య తాడు మెలికలు సైతం చెక్కారు. రాయి అద్దంలా నునుపు తేలి ఉంటుంది. నందికి అవతల ఉన్న కల్యాణమండపానికి వేరే కథ ఉంది. ఆ మండపం నేల కుంగి ఒరిగిపోతుంటే పురావస్తు శాఖవారు రాళ్లకు అంకెలు వేసి విప్పి, ఇసుక పునాదిని మళ్లీ సిద్ధం చేసి తిరిగి నిలబెట్టారు. పదిహేనేళ్లకు పైగా సాగిన ఆ పని ముగిసి 2024లో మండపం తెరుచుకుంది. కాకతీయ శిల్పులు బరువైన కట్టడాల కింద గొయ్యి తవ్వి ఇసుక నింపేవారు. అది తెలివైన పద్ధతే. అయితే ఇసుక తన చోట తాను ఉన్నంతవరకే అది పునాది.

ఇక్కడ మీకు ఎవరో ఒకరు వచ్చి, ఈ గుడి నుంచి కోటదాకా సొరంగం ఉందని చెబుతారు. నేను తిరిగిన ప్రతి కోటలోనూ, ప్రతి పాత గుడిలోనూ ఈ సొరంగం ఉంది, దాన్ని చూసినవాడు మాత్రం ఎప్పుడూ చెప్పేవాడి తాతగారే. విని, చిరునవ్వు నవ్వి, బస్సెక్కండి.

భోజనం తర్వాత కోటకు వెళతాం. రేపటి యాత్రలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం అదే కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. ఓరుగల్లు కోట పలకల మీద గీసిన చతురస్రం కాదు, గుండ్రటి ఊరు. లోపల రాతికోట, దాని వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాన్ని చుట్టుకుని మట్టికోట, వ్యాసం దాదాపు అంతకు రెట్టింపు. రెంటికీ అగడ్తలు. రాతికోటను గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తి చేసిందని సంప్రదాయం చెబుతుంది. సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలు, ముందుకు పొడుచుకువచ్చిన 45 బురుజులు, లోపలి వైపు మాత్రం గోడ పైకి ఎక్కడానికి మెట్లు మెట్లుగా కట్టిన వాలు. కావలివాడు ఎక్కడినుంచైనా పరుగున పైకి చేరవచ్చు. వెలుపలి మట్టికట్ట ఈనాడు మనకు చెట్లు మొలిచిన చెరువుగట్టులా కనిపిస్తుంది, చాలామంది దాన్ని దాటిపోయి "కోట ఎప్పుడొస్తుంది" అని అడుగుతారు. 1310లో దిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ సేన దానిముందు దిగిన సంగతి రాసిన దిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టిదనాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. శత్రుపక్షం కవి పొగిడిన గోడ అది. రేపు మట్టికట్ట రాగానే నేను బస్సు ఆపిస్తాను, విసుక్కోవద్దు.

తర్వాత రాతికోట ద్వారం. దారి తిన్నగా లోపలికి పోదు. ఒకవైపు తిరిగి, ఎదురుగా గోడ వచ్చి, మళ్లీ ఇంకోవైపు మలుపు తిరగాలి. ఏనుగుతో తలుపు పగలగొట్టాలంటే ఏనుగు పరుగెత్తడానికి తిన్నటి దారి కావాలి, అది దొరకనివ్వకపోవడమే ఈ మలుపు ఉద్దేశం. మలుపులో చిక్కినవాడి మీదకు మూడు వైపులనుంచీ బాణాలు వస్తాయి. ఈ ద్వారాలకు తర్వాత వచ్చిన ఏలికలు కూడా చేర్పులు చేశారు. కిందటిసారి మా మినీబస్సు ఆ మలుపులో రెండుసార్లు వెనక్కి ముందుకీ ఆడి, అద్దం రాతికి రాసుకోకుండా జానెడు దూరంలో బయటపడింది. డ్రైవరు చెమట తుడుచుకుంటూ, "సార్, గీ కోట కట్టినోడు మా డ్రైవర్ల మీద పగతోని కట్టినట్టున్నది" అన్నాడు. ఏనుగుల కోసం కట్టిన మలుపు ఎనిమిది శతాబ్దాల తర్వాత కూడా తన పని తాను చేస్తూనే ఉంది. కోట గురించి నేను తరగతిలో చెప్పిన పాఠాలన్నిటికంటే ఆ రెండు నిమిషాలు ఎక్కువ నేర్పాయని అప్పుడే అనుకున్నాను. రేపటిది పెద్ద బస్సు కనుక మనం ద్వారం బయటే దిగి నడిచి వెళతాం. మలుపు తిరిగేటప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి.

నడిమధ్యన స్వయంభూశివుడి ఆలయ ప్రాంగణం. అక్కడ ఆలయం లేదు. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు మాత్రం నిలబడి ఉన్నాయి. తెలంగాణ రాజముద్రలో చార్మినారుతో పాటు కనిపించేది వీటి రూపమే కాబట్టి ప్రభుత్వ కాగితం పట్టుకున్న ప్రతివారూ వీటిని ఎరుగుదురు. కాగితం మీద చూసినవారు వాటికింద నిలబడ్డాక ఆశ్చర్యపడేది ఎత్తును చూసి, దాదాపు 30 అడుగులు. తోరణం మీది హంసలను, మొగ్గల దండలను వెతకండి, దేవుడి విగ్రహం కోసం వెతకవద్దు, ప్రధానంగా కనిపించదు. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, కోటను పట్టుకున్నాక గుడిని కూల్చి, ఆ చోట మసీదు కట్టించి, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాడు. తోరణాలను మాత్రం ఉంచాడు. వాటిమీద దైవమూర్తులు లేకపోవడం ఒక కారణమని కొందరు పండితుల అభిప్రాయం, నాకూ అది సబబుగానే తోస్తుంది. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి దిల్లీకి తీసుకుపోతుండగా ఆయన నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు తిరగకముందే ముసునూరి కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి తీసుకున్నాడు.

తోరణాల మధ్య పచ్చికలో విరిగిన దూలాలు, పద్మాల రాళ్లు, ఏనుగుల వరుసలు, జాలీల ముక్కలు పేర్చి ఉంటాయి. అక్కడ గైడు నోరు మూసుకోవడం మంచిది. నేను మూసుకుంటాను. అరగంట సేపు ఎవరికి నచ్చిన రాయి దగ్గర వారు కూర్చోండి.

అక్కడికి నాలుగడుగుల దూరంలోనే ఖుష్ మహల్ అనే సభాభవనం. యాత్రా బస్సులు దీన్ని తరచుగా వదిలేస్తాయి, లేదా "ఇది తర్వాతివాళ్లది" అని ఒక్క మాటతో దాటేస్తాయి. నాకు ఆ తొందర నచ్చదు. దిల్లీలో గియాసుద్దీన్ తుగ్లక్ సమాధి చూసినవారికి ఈ వాలుగోడలు వెంటనే పరిచయంగా తోస్తాయి. ఓరుగల్లును గెలిచినవాడు తన ఊరి గోడను వెంట తెచ్చుకున్నాడు. సభామందిరంలో ఎత్తైన కమానుల కింద నిలబడి బయటికి చూస్తే గుడి తోరణం కనిపిస్తుంది. రెండు కాలాలూ ఒకదాన్నొకటి చూసుకుంటున్న ఆ దృశ్యం మీకు ఏ పుస్తకంలోనూ ఇంత దగ్గరగా దొరకదు.

వెలుతురు ఉండగానే ఏకశిలగుట్ట ఎక్కుతాం. ఓరుగల్లు, ఏకశిలానగరం అనే పేర్లు ఈ ఒంటిరాతి గుట్టను బట్టి వచ్చినవే. పైనుంచి చూస్తే కింద చెరువు, గోడ వంపు, గోడ లోపల ఇళ్లు, పొలాలు. అవును, కోట లోపల ఇప్పటికీ ఊరుంది. పిల్లలు బడికి పోతారు, గేదెలు మేస్తాయి, పెళ్లిపందిళ్లు వేస్తారు. మంచనశర్మా టిట్టిభసెట్టీ తిరిగిన వీధులు ఆ ఇళ్ల కిందే ఎక్కడో ఉన్నాయి. కాబట్టి అక్కడి వాకిళ్లు ఎవరో ప్రదర్శనకు పెట్టినవన్నట్టు ఫొటోలు తీయవద్దని, తీయాలనిపిస్తే ఇంటివారిని అడగమని ప్రత్యేకంగా కోరుతున్నాను. గుట్ట మెట్లు ఎక్కలేని పెద్దవారికి కింద చెరువుగట్టున నీడ ఉంది, అక్కడ మన కార్యదర్శిగారు మరమరాల డబ్బాతో కూర్చుంటారు.

సర్దుకోవలసినవి: గొడుగు లేదా టోపీ, రెండు నీళ్ల సీసాలు, పాతవైనా గట్టి చెప్పులు. వేయిస్తంభాల గుడిలో చెప్పులు విప్పాలి, పగలు నల్లరాయి కాలుతుంది కనుక ఒక జత మేజోళ్లు దగ్గర ఉంచుకుంటే మంచిది. దారిలోని పెంబర్తిలో ఇత్తడి సామాను కొనాలనుకునేవారు రాత్రి తిరుగు ప్రయాణంలో దుకాణాలు తెరిచి ఉంటాయని ఆశపెట్టుకోకుండా, పొద్దున వెళ్లేటప్పుడే పావుగంటలో ముగించండి. బస్సు సరిగ్గా ఆరుగంటలకు గ్రంథాలయం ముందు నుంచి కదులుతుంది. ఆరూ ఐదుకు వచ్చినవారి కోసం ఆగమని డ్రైవరుకు నేను చెప్పలేదు, చెప్పను కూడా.