నిలబడి ఉన్న ఎర్రచందనాన్ని గుర్తుపట్టడం ఎలా?

శ్రోతలందరికీ నమస్కారం. ఎర్రచందనం అనగానే మన కడప వాళ్లలో చాలామందికి కళ్ల ముందు మెదిలేది లారీలో పట్టుబడిన దుంగలే. చెట్టుగా చూసింది తక్కువ. ఆమధ్య గువ్వలచెరువు ఘాట్‌లో బస్సు ఆగితే పక్కనున్న ఎర్రచందనం చెట్టును చూపించి ఇదేం చెట్టని అడిగాను, నలుగురిలో ముగ్గురు ఏగి అన్నారు, అంటే వేగిస అనే వేరే చెట్టు పేరు చెప్పారు. నాకు నిజంగా బాధేసింది.

వాళ్ల తప్పు కూడా కాదులెండి. ఈ రెండూ అన్నదమ్ముల్లాంటివి, రెండింటిదీ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతి. రెండింటికీ పసుపు పూలే, గాటు పడితే రెండింటికీ ఎర్రటి బంకే కారుతుంది. కాబట్టి కత్తి పెట్టి చూసే పని దయచేసి పెట్టుకోవద్దు.

ముందు బెరడు చూడండి. చందనానిది నలుపు తిరిగి, మొసలి వీపులాగా లోతుగా, పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, ఒకసారి చూస్తే మళ్లీ మరిచిపోరు. ఏగి బెరడు బూడిద రంగు. తర్వాత ఆకు: ఒక్కో కాడకు చందనానికి మామూలుగా మూడు చిన్నాకులు, గుండ్రంగా ఉంటాయి, ఎప్పుడో ఐదు కనిపిస్తాయి. ఏగికి ఐదు నుంచి ఏడు. ఏగి బాగా ఎత్తు పెరిగే చెట్టు, చందనం రాళ్ల నేలలో పది మీటర్ల దాకా పెరిగితే గొప్ప.

అసలు తేడా చేవలో, అంటే మాను లోపలి గట్టి కలపలో ఉంది. చందనం చేవ ముదురు ఎరుపు, నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు. పేరులో చందనం ఉన్నా వాసన ఉండదు, మంచిగంధం చెట్టుకీ దీనికీ చుట్టరికమే లేదు. ఏగి చేవ పసుపు కలిసిన గోధుమ రంగు. దాంతో చేసిన గ్లాసులో నీళ్లు పోసి ఉంచితే రంగు దిగి, వెలుతురులో నీలి ఛాయ కొడతాయి. షుగర్‌కు మంచిదని ఆ నీళ్లు తాగేవాళ్లున్నారు, కానీ డాక్టరు ఇచ్చిన మందులు మాత్రం మానొద్దు.

ఏగి పడమటి కనుమల్లోనూ, మధ్య భారతంలోనూ, శ్రీలంకలోనూ ఉంది. చందనం అడవిలో దానంతటది పెరిగేది మాత్రం శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, ఇలా మన చుట్టుపక్కల కొండల్లోనే. 1995 నుంచి సైటిస్ అనే, అంతరించే ముప్పున్న జంతువులు, మొక్కల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం కింద దీని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉన్నా, గొడ్డలి మాత్రం ఆగలేదు.

ఈసారి కొండ దారిలో నడుస్తుంటే, నడుమ గింజ, చుట్టూ పల్చటి రెక్కతో బిళ్లలాంటి ఎండుకాయ కాలికి తగిలిందనుకోండి, ఈ రెండిట్లో ఏదో ఒకటి కావచ్చు. తలెత్తి ఆకులు లెక్కపెట్టండి, బెరడు మీద చెయ్యి వేసి చూడండి, పక్కన పిల్లలుంటే వాళ్ల చేత కూడా పేరు చెప్పించండి.