కోకిల, కాకి, మధ్యలో బదనిక

రవళి: అన్నా, రికార్డింగ్ మొదలైంది. ఈసారైనా కోకిల గురించే మాట్లాడదాం. కప్పల ఎపిసోడ్ ఎటు పోయిందో అందరూ విన్నారు.

శేఖర్: ఆ ట్రాక్టర్ సంగతి ఎత్తకు.

రవళి: ఎత్తను. కోకిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. కాకి పిల్లలకన్నా ముందే కోకిల పిల్ల గుడ్డులోంచి బయటికొస్తుంది. కాకి పిల్లల్ని మాత్రం మామూలుగా తోసెయ్యదు, వాటితోపాటే పెరుగుతుంది.

శేఖర్: అన్ని పరాన్నజీవులకీ అంత మర్యాద ఉండదు. మినుము చేలో బంగారు తీగ అనే కలుపుని చూడు.

రవళి: వచ్చేసింది బంగారు తీగ!

శేఖర్: రాదా మరి? దాని గింజ మట్టిలో ఏళ్లకేళ్లు చావకుండా పడుంటుంది. మొలిచాక మినుము కాడ దొరికితే చాలు, చుట్టేసి, లోపలికి పీల్చే వేళ్లు దింపుతుంది. ఇక నేలలో వేరుతో దానికి పనే లేదు. 2006లో అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పక్కన టమాటా మొక్క పెట్టి చూస్తే, వాసన పట్టి అటే పెరిగింది!

రవళి: అది దొంగే, ఒప్పుకుంటా. బదనిక అలా కాదు. చెట్ల కొమ్మల మీద పెరిగినా దానికి పచ్చటి ఆకులున్నాయి, తిండి తనే తయారుచేసుకుంటుంది. చెట్టు నుంచి లాగేది ముఖ్యంగా నీళ్లూ ఖనిజాలూ.

శేఖర్: నీళ్లేగా అని తేలిగ్గా అనకు. మా నాన్న నాటిన బంగినపల్లి చూశావుగా. బదనిక పట్టిన చోట బుడిపెలా ఉబ్బింది, అవతల కొమ్మంతా ఎండిపోయింది. వేసవిలో చెట్టుకే నీళ్లు చాలవు.

రవళి: మామిడి మీద కొట్టెయ్యమనే నేనూ అంటా. రోడ్డు పక్క కానుగ మీద ఎందుకు నరికించావు?

శేఖర్: అక్కణ్నుంచే తోటలోకి వస్తుంది కాబట్టి!

రవళి: తెచ్చేది ఫ్లవర్‌పెకర్. పిచ్చుకకన్నా చిన్న పిట్ట. బదనిక పండు తింటుంది, జిగురు గింజ ఊడక కొమ్మకి రాసి వదిలించుకుంటుంది. ఆ గింజ అక్కడే మొలుస్తుంది. కామన్ జెజెబెల్ సీతాకోకచిలుక కూడా బదనిక ఆకు మీదే గుడ్లు పెడుతుంది. ఆకు తిప్పితే పసుపుపచ్చ గుడ్లు, ఎవరో పేర్చినట్టు. దాని గొంగళి పురుగులకి ఆ ఆకే తిండి. కానుగ మీద కూడా లేకుండా చేస్తే అవెక్కడికి పోవాలి?

శేఖర్: (కాసేపాగి) సీతాకోకచిలుక కోసం నాన్న చెట్టు వదులుకోలేను రవళీ.

రవళి: వదులుకోమనట్లేదు అన్నా. మామిడి మీద బదనిక కాయ పండకముందే కోయించు. పైపైన ఆకు దూస్తే మళ్లీ చిగురిస్తుంది. బుడిపెకి కింద నుంచి కొమ్మతో సహా తీసెయ్యాలి.

శేఖర్: జానెడు కిందకే కోయించా. మినుముకి ఆ వీలు కూడా లేదు. వరి కోతకి ముందే ఆ చేలో మినుము గింజ చల్లేస్తాం, దున్నడం ఉండదు. వరి పనలు తీసిన వెంటనే ఇసుకలో పెండిమిథాలిన్ అనే కలుపు మందు కలిపి చల్లుకోవాలి. ఆ అదను పోతే తీగ అల్లుకున్న మినుముని తీగతో సహా పీకెయ్యడమే.

రవళి: మళ్లీ మినుమే! కానుగ సంగతి చెప్పు. చిగురించిందా?

శేఖర్: కానుగా చిగురించింది, బదనికా చిగురించింది. ఆదివారం మనుషుల్ని రమ్మన్నా.

రవళి: శనివారమే నేనొస్తా. నరికే ముందు ప్రతి ఆకూ తిప్పి చూడాలి.

శేఖర్: గుడ్లుంటే?

రవళి: ఆ కొమ్మ ముట్టుకోనివ్వను.

శేఖర్: నిచ్చెన నువ్వే పట్టుకోవాలి మరి.